చేతికి తగిన గేరు లివరు



ఈ పూట నేను చెప్పదలచినది మోటారుకారులోని ఒక ఇనుపకడ్డీని గూర్చి. డ్రైవరు ఎడమచేతి ప్రక్కను నిలిచి, తలపై ఒక గుండు దాల్చి, మాటిమాటికి ముందునకును వెనుకకును త్రోయబడుచుండు గేరు లివరు అది. మన ప్రక్క గేరు రాడ్డనియు అందురు. దానిని నడుపువాని చేతికి సరిపడునట్లు ఎట్లు మార్చుకొనవచ్చును, ఎంతవరకు మార్చవచ్చును, ఎచ్చట ఆగవలెను అనునదియే నా ప్రసంగము. ఇదియు ఒక విషయమా యని పట్టణమువారికి తోచవచ్చును. అరక కట్టిన వారికి మాత్రము తోచదు.

నాగలి చేయించునాడు వడ్లవాడు ఏమి చేసెడివాడో మీలో పెద్దలకు జ్ఞాపకముండును. దున్నువానిని ఎదుట నిలువబెట్టి, వాని యెత్తు చూచి మేడికి కొలత పెట్టెడివాడు. పొట్టివానికై చేసిన మేడిని పొడగరి పట్టినచో సాయంకాలమునకు వాని నడుము వాని మాట వినదు. తండ్రి మేడి కొడుకునకు సరిపడకున్న, మేడిని మార్చిరే గాని కొడుకును కుదించలేదు. మోటారుకారు అట్లు గాదు. అది ఎక్కడనో ఒక కార్ఖానాలో, ఎవడో ఒక నడితరపు మనుష్యుని ఊహించుకొని, అందరికి ఒకటే కొలతగా చేయబడును. కూర్చుండు సీటు కొంత ముందునకు వెనుకకు జరుగును; లివరు మాత్రము నాటిన గుంజవలె నిలిచిన చోటనే నిలుచును. కాళ్ళు పొడవైనవాడు సీటును వెనుకకు జరుపుకొనినచో గేరుగుండు అందదు. పొట్టివారు, స్త్రీలు సీటును ముందునకు లాగుకొనినచో గుండు మోచేతికి వెనుకబడును. కీళ్ళు పట్టిన ముసలివారి సంగతి వేరుగా చెప్పుదును.

లివరు అనగా ఏతమే. ఏతపుమానును మ్రోయు ఆనుచోటు ఒకటి కలదు గదా. గేరు లివరునకును క్రిందిభాగమున గోళమువంటి ఆనుచోటు ఒకటి కలదు. పైకొన మన చేతిలోనిది. క్రిందికొన గేరుపెట్టెలోని కడ్డీలను ఇటునటు జరుపునది. లెక్కకై ఇట్లనుకొందము: ఆనుచోటునకు పైన పది అంగుళములు, క్రింద రెండంగుళములు. క్రిందికొన అర అంగుళము జరుగుటకు పైకొన రెండున్నర అంగుళములు జరుగవలెను. క్రింద పది కిలోల బలము కావలసివచ్చిన, పైన రెండు కిలోలు చాలును. ఇప్పుడు కడ్డీని రెండంగుళములు కోసి ఎనిమిది చేసితిమా, చేయి జరుగవలసిన దూరము రెండంగుళములకు తగ్గును. పెట్టవలసిన బలము రెండున్నర కిలోలగును. కోయుటకు మారుగా రెండంగుళములు పొడిగించిన, దూరము మూడంగుళములగును, బలము రెండు కిలోలకు తక్కువగును. ఒక చేత ఇచ్చి మరియొక చేత పుచ్చుకొనుటయే గాని ఇందులో ఊరక వచ్చునది ఏమియు లేదు. పడుచువారు పందెపు కార్లను చూచి లివరును పొట్టిగా కోయించుకొందురు. వారి భుజములలో బలమున్నది, కోయించుకొననిండు. అరువది దాటినవాడు కోయించుకొనరాదు.

వంపు సంగతి వేరు. ఏతపుమాను వంకరగా పెరిగినదైనను నీరు తోడుట మానదు. ఆనుచోటినుండి కొనకు సూటిగా లాగిన దారము ఎంత పొడవో అదియే లెక్కకు వచ్చును. నడుమ కడ్డీ ఎన్ని వంకలు తిరిగినను ఒకటియే. కావున లివరును మన వైపునకు వంచుకొనుట, కోయుటకన్నను అతుకుటకన్నను నిరపాయము. కాని వంపునకు ఒక గుట్టు కలదు, దానిని మెకానిక్కులు సైతము తరచుగా తలపోయరు. అది తరువాత.

లివరు మొదటినుండియు నేలమీదనే నాటుకొని యుండలేదు. తొలినాటి కార్లలో అది బండి వెలుపల, డ్రైవరు కుడిప్రక్కన ఉండెడిది. పిదప లోపలికి, నేలపైకి వచ్చెను. 1930వ దశకపు తుదినాటికి అమెరికాలో అది నేలను విడిచి స్టీరింగు కంబమునెక్కెను. ముందుసీటున ముగ్గురు కాళ్ళు చాపుకొని కూర్చుండుటకు వీలగునని ఆ యేర్పాటు. మన దేశమున ఆ తీరుగేరు అంబాసిడరుతో ప్రసిద్ధికెక్కెను. ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డు కారును ఆధారము చేసికొని వంగదేశపు ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు 1950వ దశకపు చివర దానిని చేయ మొదలిడిరి. 2014 మే నెలలో ఆ కార్ఖానా ఆగిపోయెను. బొంబాయి ఫియట్టు, అదియే పిమ్మట ప్రీమియర్ పద్మిని యయ్యెను, దానికిని స్టీరింగు ప్రక్కనే గేరు. మనవారు దానిని హ్యాండు గేరనిరి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన పిదపగాని నేలగేరు ఇంటింటి మాట కాలేదు. అంబాసిడరులోనే 1993లో ఇసుజు ఇంజనుతో వచ్చిన రకమునకు ఐదు గేర్లును నేలమీది లివరును ఉండెను.

హ్యాండు గేరులో చేతికిని గేరుపెట్టెకును నడుమ చుట్టరికము చాల దూరము. కంబము వెంట క్రిందికి ఒక కడ్డీ. దాని మొదట చిన్న చేతులు. వానికి తగిలించిన కమ్ములు. ప్రతి కీలునందును ఒక బుష్షు. ఒక్కొక్క బుష్షు వెంట్రుకవాసి అరిగినను, అన్నియు కలిసి గుండు దగ్గర అరచేతి వెడల్పు ఆట యగును. ఒక్కొక్కప్పుడు రెండు చేతులును పెనగొని గేరు ఏ వైపునకును కదలక బిగియును. అప్పుడు డ్రైవరు దిగి, బానెట్టు ఎత్తి, చేయి దూర్చి వానిని విడదీయవలెను. అంబాసిడరు నడిపినవారిలో ఈ పని చేయనివాడు అరుదు. ఉప్పుగాలి తగులు మన మైపాడు, కోడూరు, తుమ్మలపెంట ప్రక్కల ఆ కీళ్ళు లోనాడు బళ్ళకన్న ముందుగా త్రుప్పుపట్టుచుండెను.

ఇక మా బావ సంగతి. ఆయన ఊరు నెల్లూరునకు తూర్పున, బకింగుహాము కాలువ దగ్గర. ఊరిలో చాలకాలము ఒకటే కారు, ఆయన అంబాసిడరు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరము దాటిన పెనుతుపానుకు ముందే కొన్నది. 2005లో 108 అంబులెన్సులు రాకమునుపు పురిటినొప్పుల కేసు గాని, పాముకాటు గాని, ఊరినుండి నెల్లూరు ఆసుపత్రికి చేరవలెనన్న ఆ కారే దిక్కు. అర్ధరాత్రి తలుపు తట్టినను ఆయన కసరెడివాడు కాడు. డ్రైవరును పెట్టుకొనలేదు, డ్రైవరు నిద్రలేచి వచ్చులోపల బిడ్డ భూమి మీద పడునని ఆయన వాదము.

2003లో ఆయన ఎడమభుజము పట్టుకొనెను. చక్కెరవ్యాధి కలవారికి ఈ బాధ తరచుగా వచ్చును; భుజపుకీలు చుట్టునున్న పొర బిగిసి, చేయి పైకి లేవదు, ప్రక్కకు తిరుగదు. క్రమముగా సడలునుగాని ఏడాదియో రెండేండ్లో, కొందరికి అంతకు మించియో పట్టును. హ్యాండు గేరునకు చేయి రొమ్మెత్తు లేవవలెను, స్టీరింగు చక్రము వైపునకు ఎత్తిపట్టి పైకి క్రిందికి త్రిప్పవలెను. ఆయనకు అది చేతకాకపోయెను. చేతకానందున ఏమి చేసెడివాడనిన, కుడిచేతిని చక్రముమీదినుండి తీసి, రొమ్ము మీదుగా ఇవతలికి చాపి గేరు మార్చెడివాడు. ఎడమచేయి చక్రముపై ఊరక ఆని యుండెడిది. కాలువకట్టమీది మలుపులో ఆయన అట్లు చేయుచుండగా ప్రక్కసీటున నేనుంటిని. కట్టకు ఒక వైపు కాలువ, ఒక వైపు రొయ్యలగుంట. వెనుకసీటున ఒక నిండుచూలాలు, ఆమె తల్లి.

ఆమె క్షేమముగా ప్రసవించినది. తెల్లవారినపిదప కొడుకులు ఫోనులో, బండి అమ్మివేయుమనిరి. ఆయన నాతో అన్నమాట ఇది: “బండి అమ్మేయమంటారు బావా, బాగానే వుంది. రాత్రిపూట తలుపు కొట్టేవాళ్ళకు ఏం చెప్పమంటారో అది మాత్రం చెప్పరు.” నాకును సమాధానము తోచలేదు. కాని ఆయన ఎడమచేయి మోచేతినుండి క్రిందికి చక్కగా ఆడుచుండెను. మోచేయి డొక్కకు ఆనియుండగా అరచేతిని ముందునకు, వెనుకకు జరుపగలడు. గేరు పైన గాక తొడ ప్రక్కన ఉన్నచో భుజముతో పనియే లేదు.

నెల్లూరిలో ఆ కాలమున అంబాసిడర్లకు హ్యాండు గేరు తీసి నేలగేరు అమర్చువారుండిరి. అద్దెబళ్ళవారు పలువురు అట్లు చేయించుకొనిరి. మా బావయు చేయించెను. నేల పలకలో రంధ్రము, రబ్బరు తొడుగు, నిలువుగా లేచిన కడ్డీ. పని శుభ్రముగనే యుండెను. కాని కూర్చుండి చూడగా గుండు ఏడంగుళములు దూరము. అంబాసిడరు ముందుసీటు ఒకటే బల్లవంటిది. లివరు దాని ముందర, డాషుబోర్డు క్రింద ఎక్కడనో లేచినది. దానిని అందుకొనుటకు ఆయన వంగవలసివచ్చెను. వంగిన, చూపు దారిమీదినుండి తొలగును. భుజపు కష్టము పోయి నడుముకష్టము వచ్చెనన్నమాట.

“రాడ్డును మీ మోకాలి తట్టు వంచేస్తానయ్యా, ఇట్టే అందుద్ది” అనెను మెకానిక్కు. నేను వలదంటిని. ఇందాక ఆపిన గుట్టు ఇచ్చటనే యున్నది.

లివరును సూటిగా వెనుకకు వంచిన ఒక రీతి, ప్రక్కకు వంచిన మరియొక రీతి. ప్రక్కకు వంచిన కడ్డీని ముందునకు త్రోసినచో అది త్రోయబడుటయే గాక మెలితిరుగ జూచును. తలుపు పిడిని పట్టి త్రిప్పినట్లు. ఆ మెలిని ఆపునది ఆనుగోళము దగ్గరనున్న చిన్న మేకు. దినమునకు వందసారులు మెలిపెట్టిన ఆ మేకు అరిగి, గేరు ఎచ్చటనున్నదో చేతికి తెలియకుండపోవును. పైగా ప్రక్కకు వచ్చిన గుండు డ్రైవరు మోకాలికి తగులును. క్లచ్చి నొక్కునప్పుడెల్ల గీరును. ఒక అంగుళము, అంగుళమున్నర ప్రక్కకు జరిపిన చెరుపులేదు. అంతకు మించవలదు.

వెనుకకు వంచుటలో ఈ దోషము లేదు గాని మరియొకటి కలదు. నిలువు కడ్డీ ముందునకు వెనుకకు ఆడునపుడు గుండు ఇంచుమించు ఒకే యెత్తున నుండును. వెనుకకు వంచినచో గుండు ఆనుచోటునకు వెనుకనుండును గనుక, ముందునకు త్రోసిన పైకి లేచును, వెనుకకు లాగిన క్రిందికి దిగును. పదంగుళముల యెత్తు గల లివరును అదే యెత్తున నాలుగంగుళములు వెనుకకు వంచి, ఇందాకటి లెక్కవలె ఆడించిన, వెనుకగేరులో గుండు అంగుళము పావు క్రిందికి దిగును. నిటారు కడ్డీ అయిన అంగుళములో మూడవవంతైనను దిగదు. ఆ అంగుళములోనే సీటు అంచు ఉన్నచో గుండు సీటునకు తగిలి గేరు సగమే పడును. సగము పడిన గేరు బరువుమీద జారివచ్చును. నిండుబండితో వంతెన ఎక్కునపుడు గేరు జారిన ఏమగునో చెప్పనక్కరలేదు.

కాబట్టి ఇనుము వంచకముందు తీగె వంచవలెను. మేము చేసినది ఇది. బండిని చదునునేలపై నిలిపి, చక్రములకు రాళ్ళు పెట్టి, ఇంజను ఆపి, మా బావను ఎప్పటివలె కూర్చుండబెట్టితిమి. సీటునే మొదట సరిచేసితిమి. క్లచ్చి నిండుగా నొక్కినపుడు మోకాలు కొంచెము వంగియే యుండవలెను, వీపు సీటునకు ఆనియుండవలెను. ఇది కుదరకముందు లివరు జోలికి పోవుట, పునాది లేక గోడ కట్టుటయే. చాలమందికి సీటు సరిచేసిన తోడనే లివరు చిక్కు తీరును. వారు అంతటితో ఆగవలెను. మాకు తీరలేదు. లివరునకు గట్టి ఇనుపతీగెను చుట్టి, దాని కొనను ఆయన అరచేయి సహజముగా వ్రాలుచోటికి తెచ్చి వంచితిమి. అటుపిమ్మట ప్రతి గేరునందును పెట్టి చూచి, తీగెకొన సీటునకు గాని, డాషునకు గాని, మోకాలికి గాని తగులకుండ సవరించితిమి. రివర్సు మరువరాదు, తక్కిన గేర్లకు చాలిన జాగా దానికి చాలకపోవచ్చును.

లివరును బండినుండి ఊడదీసిన తరువాతనే వంచవలెను. బండిలోనుండగా కాల్చుట, వెల్డింగు చేయుట కూడనిపని. క్రిందనున్న బుష్షులు కరగును, దగ్గరలో పెట్రోలు గొట్టమున్న కొంప కాలును. వ్రేలిలావు మెత్తని యినుమైనచో బిగింపులో పట్టించి, పైన గొట్టము తొడిగి, చల్లగానే మెల్లమెల్లగ వంచవచ్చును. వంపు గుండ్రముగా, కడ్డీ లావునకు మూడింతలైనను వెడల్పుగా నుండవలెను; ముక్కువలె మడిచినచో మడతవద్ద పగులుపట్టును. కొలిమిలో కాల్చి వంచిన, ఆనుగోళమునకు వేడి తగులకుండ తడిగుడ్డ చుట్టవలెను. మన కమ్మరులకు ఒక అలవాటు కలదు, కాలిన ఇనుమును చుయ్యిమని నీళ్ళలో ముంచుట. కొడవలికి అది గుణము, లివరునకు దోషము. గట్టి జాతి ఇనుమైనచో అట్లు ముంచిన పెళుసెక్కి, ఒకనాడు చేతికి ఊడివచ్చును. బూడిదలో కప్పి చల్లారనీయవలెను. ఇక గుండు బిగించు మరల దగ్గర వంపు గాని వేడి గాని తగదు.

మా బావ లివరు వెనుకకు ఆరంగుళములు, ప్రక్కకు ఒక అంగుళము వంగెను. ఆయన మరి రెండేండ్లు రాత్రులు బండి నడిపెను. భుజము తరువాత సడలినది. హ్యాండు గేరు మరల పెట్టింతునా యని మెకానిక్కు అడుగగా ఆయన నవ్వెనట.

చట్టమును గూర్చి ఒక మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినదానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దానిని గట్టిగానే చెప్పెను. లివరు వంపు ఆ పత్రములోనికెక్కు సంగతి గాదు. కాని గేరుపెట్టెనే మార్చుట, నేల పలకను కోయుట వంటివి తలపెట్టువారు రవాణాశాఖ కార్యాలయములో ముందుగా అడుగుట మేలు. అంగవైకల్యము గలవారి కొరకు మార్చిన బండికి చట్టములోనే ప్రత్యేకముగా చోటున్నది. వారు దాపరికము లేకుండ నమోదు చేయించుకొనవచ్చును.

ట్రాక్టరువారు నన్ను మన్నింపవలెను, వారిని మరచితిననుకొందురేమో. పాత ట్రాక్టర్లలో గేర్లు రెండు కాళ్ళ నడుమ లేచియుండును. ప్యాంటు తొడిగినవానికి బాధలేదు. పంచె కట్టినవాడు దిగునపుడు కుచ్చిళ్ళు గుండునకు తగులుకొని, బండి ఒకవైపు, తాను ఒకవైపు. లుంగీవారి అవస్థ చెప్పనలవికాదు. ఈ యిబ్బంది కనిపెట్టియో మరెందుచేతనో, ఇప్పటి ట్రాక్టర్లు పెక్కింటికి గేరు లివర్లు ప్రక్కకు తరలినవి. పాతదానిని నడుపువారు లివరును వంచుటకన్న పంచెను గోచిపోసి కట్టుట సులభము.

నేటి చిన్నకార్లలో చాలవానికి లివరునుండి గేరుపెట్టెకు కడ్డీలు లేవు, రెండు కేబుళ్ళు పోవును. లివరు అడుగు ప్లాస్టిక్కు గూటిలో నుండును. వానిని వంచబూనవలదు. గుండు మార్చుకొనుటవరకు చాలును, అదియు చిన్న మేలు కాదు. వ్రేళ్ళకీళ్ళు వాచినవారికి సన్నని గుండు పట్టుట కష్టము. అరచేయి నిండు గుండుతో వ్రేళ్ళను ముడువకయే త్రోయవచ్చును. కొయ్యది చేయించుకొనిన ఎండలో ఇనుపదానివలె కాలదు. మన ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కువారికి చేతికి ఏ పిడి ఇముడునో ఒకరు నేర్పనక్కరలేదు. లోపల ఇత్తడి మరగొట్టము పొదిగింపవలెను; కొయ్యలోనే మరతీసిన ఆరునెలలలో వదులగును. పాత గుండును వెంట తీసికొనిపోవలెను, ఒక్కొక్క కారునకు మర ఒక్కొక్క తీరు. మరీ బరువుగుండు వలదు. అరిగిన గేరుపెట్టెలో దాని బరువునకే గేరు జారును. గేర్ల పటమును గుండుపై చెక్కింపుడు. బండి మీరొక్కరే నడుపరు గదా.

ఎట్టి గుండైనను, గేరు మార్చిన పిదప చేయి తీసి చక్రముపై పెట్టవలెను. లివరుమీద చేయి ఆనించి నడుపుట పెద్దలలో పలువురి అలవాటు. ఆ బరువు క్రిందికొన యందు ఐదింతలై, లోపల ఆడు ఫోర్కును పగలెల్ల ఒరయుచుండును.

సముద్రపు దాపుననుండువారు వంచిన లివరునకు మెరుగు లేచిపోయినచోట వెంటనే రంగు పూయవలెను, లేదా వానకాలము గడువకముందే త్రుప్పు పొరలెత్తును. నేలరంధ్రమునకు రబ్బరు తొడుగు చిరిగినచో మార్పింపుడు. దాని గుండ ఇసుక, ఉప్పుతేమ, ఇంజనుపొగ లోనికి వచ్చును. ఏటేట తొలకరికి ముందు తొడుగును ఎత్తి, గోళము చుట్టునున్న పాత జిగటను గుడ్డతో తుడిచి, బొటనవ్రేలి కొనమీద నిలుచునంత క్రొత్త గ్రీజు పెట్టించిన చాలును.